గంగిరెద్దుల్లా తలలూపే పంపులు
అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, విలిస్టన్ పట్నం. ఊరు దాటితే గోధుమ పొలాల మధ్య గంగిరెద్దుల్లా తలలూపే చమురు పంపులు, రాత్రయితే గ్యాస్ మంటలు. దాదాపు మూడు కిలోమీటర్లు కిందికి తవ్వి, అక్కణ్నుంచి అడ్డంగా మరో మూడు కిలోమీటర్లు పోయి, నీళ్లూ ఇసుకా బలంగా కొట్టి 'బాకెన్' షేల్ రాతిని చీలుస్తారు. 2010లో 14,716 ఉన్న జనాభా పదేళ్లలో దాదాపు రెట్టింపైంది. ఆ సందడి చూస్తే చిన్న కంపెనీల షేర్లు కొనాలని ఎవరికుండదు!

చిక్కల్లా ఒకటే. ఈ బావులు మొదటి ఏడాదిలోనే సగానికి పైగా నీరసిస్తాయి. కొత్తవి తవ్వాలంటే మళ్లీ అప్పు. ఈ ప్రాంతంలోనే తవ్విన అమెరికన్ ఈగిల్ ఎనర్జీ 2014 ఆగస్టులో బాండ్లతో 17.5 కోట్ల డాలర్లు తెచ్చింది. అంతలోనే చమురు ధర సగానికి పడింది. తొలి వడ్డీ కూడా కట్టలేక 2015 మేలో దివాలా! అప్పిచ్చినవాళ్లకి పోగా మిగిలితేనే వాటాదారులకు. బావులు వేరేవాళ్ల చేతికెళ్లాయి.