మినమాటా నోట్సులో రాని సొర చేప

ప్రిలిమ్స్‌కు చదివేవాళ్లకు పాదరసం అంటే మినమాటా ఒప్పందం. 2013లో ఆమోదం, 2017 ఆగస్టు 16 నుంచి అమలు, 2018లో భారత్ ధ్రువీకరణ. నా నోట్సులోనూ మొదట ఇంతే ఉండేది. మెయిన్స్ జవాబుకు మాత్రం ఆ ఊళ్లో ఏం జరిగిందో తెలియాలి.

మినమాటా జపాన్‌లో సముద్రం ఒడ్డు ఊరు. చిస్సో కంపెనీ ఎసిటాల్డిహైడ్ తయారుచేస్తూ మిథైల్ పాదరసం కలిసిన వ్యర్థాలను అక్కడి నీళ్లలోకి వదిలింది. చేపలు తిన్నవాళ్లు జబ్బుపడ్డారు. జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. కారణం ఆ వ్యర్థాలేనని ప్రభుత్వం తేల్చింది 1968లో, అదీ ఆ తయారీ ఆగిపోయాక! పెద్దగా లక్షణాలు లేని తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. మిథైల్ పాదరసం మాయను దాటి బిడ్డను చేరుతుంది.

పక్కన ఫ్యాక్టరీ లేకపోయినా చేపలోకి పాదరసం వస్తుంది. బొగ్గు పొగ నుంచి, చిన్న బంగారు గనుల నుంచి గాల్లోకి పోయింది సముద్రంలో పడుతుంది, సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ రూపంలోకి మారుస్తాయి. ఒక చేప ఒంట్లో ఏళ్ల తరబడి పోగుపడటం బయో అక్యుములేషన్. చిన్నదాన్ని పెద్దది తినేకొద్దీ మెట్టుమెట్టుకూ పెరగడం బయో మాగ్నిఫికేషన్. (ఈ రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.) అందుకే నెత్తళ్లు, కవళ్లలో తక్కువ, పెద్ద సొరలో ఎక్కువ. కండలోని ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి కడిగినా వేయించినా పోదు.

మా కోస్తాలో బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెడతారు. మా అమ్మా తిన్నది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే చేపల్లో సొర ఉంది. పాలసొర చిన్న జాతి, పెద్ద సొరంత పోగుచేసుకోదు. కానీ ముక్కలు కోసి అమ్మితే ఏది ఏ సొరో కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అలాగని చేపలే మానెయ్యమనడం ఇంకా పెద్ద తప్పు. పేదింటి గర్భిణికి అంత చవకగా మాంసకృత్తులు, ఒమేగా-3 మరెక్కడ దొరుకుతాయి?

మన ఆహార భద్రతా నిబంధనలు 2011లో వచ్చినప్పుడు చేపకు పాదరసం పరిమితి కిలోకు 0.5 మిల్లీగ్రాములుగా ఉండేది. ఎగుమతి సరుకుకు ల్యాబ్ పరీక్షలుంటాయి. రేవులో తట్ట దించి అమ్మే చేపను పరీక్షించే దారి కనబడదు. ఇలాంటి ప్రశ్న వస్తే నేను "అవగాహన పెంచాలి" అని ఊరుకోను. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు సొర బదులు నెత్తళ్లు, కవళ్లు తినమని ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల చేత చెప్పించాలని రాస్తాను.