వాక్కాయ కంచె

పెరడు ఎంత చిన్నదైనా అందులో ఒక పండ్ల మొక్కకు చోటుండాలని నా అభిప్రాయం. నేను అందుకు వాక్కాయను ఎంచుకున్నాను. మా ఇళ్ళలో దీనిని కరోందా అంటారు. పన్నెండేళ్ళ క్రితం ప్రహరీ కట్టే స్తోమత లేని రోజులలో, వీధి వైపు కంచెగా ఈ మొక్కలను వరుసగా నాటాను.

ఇది పేదవాని పంట. రాతినేలలోనూ బతుకుతుంది. వేళ్ళూనుకున్న పిదప నీటి కోసం పెద్దగా ఎదురుచూడదు. నీరు నిలిచే చోటు మాత్రం దీనికి పనికిరాదు. బాగా మాగిన పండ్ల నుండి తీసిన గింజలను ఆలస్యం చేయక విత్తుకోవాలి. నిలవ ఉంచితే మొలకెత్తే శక్తి త్వరగా నశిస్తుంది. ఎదిగిన నారును తొలకరి వానలకు మీటరు ఎడంతో నాటితే, మూడు నాలుగేళ్ళలో మల్లెలను తలపించే తెల్లని పూలు, వాటి వెంట ఎర్రని కాయలు చూడవచ్చు. కాయలు వానాకాలంలో కోతకు వస్తాయి. మా శ్రీమతి వాటిని చీల్చి, గింజలు తీసి, పాలజిగురు పోయేలా కడిగి, చింతపండుకు బదులు పప్పులో వేస్తుంది. మిగిలినవి ఊరగాయకు, ఇరుగుపొరుగు వారికి.

నిరుడు మా పెద్దబ్బాయి ఒక ప్రస్తావన తెచ్చాడు. "అబ్బాజాన్! ఈ పొదలు తీసేసి గోడ కడదామండీ. బడికి వెళ్ళే పిల్లలకు ముళ్ళు గీరుకుంటున్నాయి" అన్నాడు.

అతని మాటలో న్యాయముంది. విశ్వాసి నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది అతనికి సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త (స) శుభవార్తనిచ్చారు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా సదఖాయేనని బోధించినదీ ఆయనే. ఒకదాని పేరిట మరొకదానిని విస్మరించడం ధర్మం కాదు. అయితే పొదలు కొట్టివేస్తే వాటిలో గూడు కట్టుకున్న పికిలిపిట్టలు ఎక్కడికి పోతాయి? ఏటా కాయల కోసం వచ్చి కొంగు పట్టే పొరుగింటి వృద్ధురాలికి ఏమని చెప్పాలి?

చివరకు తండ్రీకొడుకులం ఇద్దరమూ కత్తెర పట్టాము. కోత ముగిసి, గూళ్ళు ఖాళీ అయ్యాక వీధి వైపు కొమ్మలను మూరెడు లోపలికి కత్తిరించి, దారిపై ఒక్క ముల్లయినా మిగలకుండా ఊడ్చాము. ఈ ఏడు వీధి వైపు కాపు తగ్గింది. లోపలి వైపు కాసినవి మాకూ, ఆ వృద్ధురాలికీ సరిపోయాయి. ఏటా కోత పిదప ఈ పని జరిగి తీరాలని మా అబ్బాయే నియమం పెట్టాడు.

మొక్క నాటేవారు దాని పండు ఎవరికి చేరుతుందో ఆలోచించినట్లే, దాని ముల్లు ఎవరికి తగులుతుందో కూడా ఆలోచించాలి. అల్లాహ్ మన పెరళ్ళను మనకూ, మన పొరుగువారికీ శుభప్రదం చేయుగాక! ఆమీన్.