వెయ్యిన్ని మూడు పెట్టెల గోపురం

పిల్లలూ! మీలో ఎవరైనా దక్షిణ కొరియా రాజధాని సియోలుకు వెళ్ళటం తటస్థిస్తే, 4వ నెంబరు మెట్రో రైలెక్కి సియోల్ గ్రాండ్ పార్క్ స్టేషనులో దిగండి. అది గ్వాచన్ అనే ఊరు. కొండల నడుమ పెద్ద తోట, అందులో జంతుప్రదర్శనశాల. తోటలో తిరగటానికి ఏనుగు రైలని ఒక చిన్న బండి కూడా ఉన్నది. మీ కాళ్ళు మొదట జంతువులవైపే లాగుతవని నాకు తెలుసు. ఐనా ముందు ఇటు రండి. ఆ పక్కనే కొరియా వారి జాతీయ ఆధునిక కళాశాల ఉన్నది. దీనిని 1986లో ఇక్కడ తెరిచారు.

లోపలికి వెళ్ళగానే తల పైకెత్తి చూడండి. గుండ్రని పెద్ద హాలు, దాని మధ్య ఒక గోపురం! ఇటుకలతో కట్టింది కాదు, అన్నీ టెలివిజన్ పెట్టెలే. అడుగున వెడల్పుగా మొదలై, పైకి పోయినకొద్దీ సన్నబడుతుంది. ఎత్తు పద్ధెనిమిదిన్నర మీటర్లు, అనగా సుమారు అరవై అడుగులు. మొత్తం పెట్టెలు 1,003. ఈ లెక్క ఎందుకో తెలుసా? కొరియావారు తమ దేశం పుట్టినరోజుగా జరుపుకొనేది పదవ నెల మూడవ తేదీ. పది, మూడు కలిపి వ్రాసి చూడండి!

దీన్ని రూపొందించినవాడు నామ్ జూన్ పైక్. 1932లో సియోలులోనే పుట్టాడు. 1950లో యుద్ధం రాగా కుటుంబమంతా దేశం విడిచింది. ఆయన చదివినది సంగీతం. 1963లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో మార్పులు చేసిన టెలివిజన్లను ప్రదర్శనకు పెట్టి, ఇదీ కళే అన్నాడు. వీడియో కళకు పితామహుడని ఆయనకు పేరు.

1965లో ఆయన చేసిన పని మీకు చెప్పి తీరాలి. ఒక టెలివిజన్ మీద పెద్ద అయస్కాంతం పెట్టాడు. అంతే, తెరమీది బొమ్మ వంకరలు తిరిగి వింత వింత ఆకారాలైంది! పాత పెట్టెలో పిక్చర్ ట్యూబు ఉంటుంది. దాని సన్నని మెడలో పుట్టిన ఎలక్ట్రానులు ముందుకు దూసుకువచ్చి, తెర లోపలి పూత మీద తగిలి వెలుగునిస్తవి. అయస్కాంతం వాటి దారి మళ్ళిస్తుంది. ఇనుపరజనుతో ఈ పాఠం చెప్పిన నాబోటి వాళ్ళకు ఇది ఎంత ముచ్చటగా ఉంటుందో! మీ ఇంటి పలుచని టెలివిజన్లో ఇలా జరగదు. అందులో ఎలక్ట్రానుల ధార లేదు కదా.

గోపురానికి కొరియా భాషలో పేరు ‘దాదాఇక్సన్’. ఎంత ఎక్కువైతే అంత మేలని అర్థం. సియోలు ఒలింపిక్స్ జరిగిన 1988లో, సెప్టెంబరు 15న దీన్ని వెలిగించారు. రాజప్రాసాదం, విసనకర్రల నాట్యం, గ్రీసు దేశపు ఆలయం, అన్నీ ఆ తెరల మీద పరుగులు తీస్తవి.

ఐతే పిక్చర్ ట్యూబుకు ఆయువు కొద్ది. 2003లో పెట్టెలన్నీ మార్చారు. 2006లో పైక్ చనిపోయాడు. 2018లో ప్రమాదభయంతో గోపురాన్నే ఆర్పివేశారు. పలుచని తెరలు బిగించమని కొందరు, అలా చేస్తే ఇది పైక్ గోపురమే కాదని కొందరు. ట్యూబులా, తయారుచేసేవారే లేకపోయిరి!

మన పెద్దలు తాటాకు శిథిలమైతే కొత్త ఆకు మీద మళ్ళీ వ్రాసుకొన్నారు. ఆకు పోయినా కావ్యం దక్కింది. ఇక్కడ అలా కుదరదు. బొమ్మను మరొక తెరకు ఎక్కించవచ్చును గాని, ఉబ్బెత్తు గాజూ, వెనుక ఆ బరువైన పెట్టే పైక్ పేర్చిన రూపంలో భాగమే. వీలైనన్ని పాతవే ఉంచాలని 2019లో కళాశాలవారు నిశ్చయించారు. నన్నడిగితే అదే సబబు. వాడిన పెట్టెలను వెదకి తెచ్చి, 737 తెరలను బాగుచేయటమో మార్చటమో చేశారు. పైభాగాన ఉన్న చిన్నవి 266 మాత్రం ఎంతకూ దొరకక, వెలుపలి ఆకారం చెడకుండా వాటిలో పలుచని తెరలు అమర్చారు. 2022 సెప్టెంబరులో గోపురం తిరిగి వెలిగింది.

చుట్టూ వాలుదారి ఉన్నది, ఎక్కుతూ చూడండి. కింద ఉబ్బిన గాజు తెరలు, పైన బల్లపరుపు తెరలు. ఎక్కడ మారుతున్నవో కనిపెట్టండి చూద్దాం! ఒక్క జాగ్రత్త: ట్యూబులు అరిగిపోకుండా వెలిగించే వేళలకు హద్దు పెట్టారు. ఆ వేళ ముందే కనుక్కొని బయలుదేరండి. జంతువులను తరువాత చూడవచ్చును.