గురువును మార్చినంతనే గెలుపు వచ్చునా?

సోదరీమణులారా! గృహకృత్యములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు వ్రాసికొను ఈ పుటలలో అమెరికా కళాశాలల బంతియాట ప్రసంగమేల యని మీరు నవ్వవచ్చును. ఆటకన్న ఆట నేర్పువాని గతియే మమ్మాకర్షించినది. ఉపాధ్యాయుని యింట కాపురము సేయు మాకు, నేర్పువానిని లోకమెట్లు తూచుచున్నదో తెలిసికొనవలెనను కుతూహలము సహజమే కదా!

అమెరికాలో ఫుట్‌బాలనగా మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి, ఎదుటిపక్షపు పదునొకండుగురిని త్రోసికొనుచు ముందునకు సాగవలెను. నాలుగు ప్రయత్నములలో పది గజములు సాగనిచో బంతి పరుల పాలగును. 1869 లో రట్గర్సు, ప్రిన్‌స్టను కళాశాలల నడుమ మొదటి పోటీ జరిగినది. నాటి ఆటతీరు వేరు. నేడు మిషిగను విశ్వవిద్యాలయపు క్రీడాస్థలములో లక్షయేడువేల మందికి పైగా కూర్చుండి చూడవచ్చును. పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వపు కొలువున అందరికన్న హెచ్చు జీతము గొనువాడు గవర్నరు గాడు, పండితుడు గాడు, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు శిక్షకుడు! ఆగష్టు చివర మొదలై జనవరిలో ముగియు ఈ యాట, తక్కిన మాసములన్నియు మాటలలో సాగును. ఎవరు ఏ శిక్షకుని తెచ్చుకొనిరి, రాబోవు వత్సరమున ఎవరు గెలుతురు అనునవియే ఆ మాటల సారము.

2025 వేసవిలో మా మరిది కుమారుడు సెలవులకు వచ్చెను. అతడు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు. అతని బాల్యమిత్రుడు పెన్‌ స్టేటున నున్నాడు. మేము ఆవకాయకు కాయలు కొట్టించుచుండ, వారిరువురును వసారాలో వాదమునకు దిగిరి.

“మీ రక్షణదళమును తీర్చిదిద్దిన జిమ్ నోల్సునే మేము తెచ్చుకొంటిమి. మీ యాటగాండ్రలో పదునలుగురు వృత్తిజట్లకు పోయిరి. ఇక మీకేమి మిగిలినది?” అని మిత్రుడు.

“మాట్ పాట్రీషియా వచ్చినాడు కదా!” అని మావాడు.

“అతడు డెట్రాయిటులో ఏమి సాధించెనో లోకమెరుగదా? మా డ్రూ ఆలరు ఇంకొక యేడు నిలిచినాడు. ఈ సారి కిరీటము మాదే.”

మేము కల్పించుకొని, “నాయనా, గడచిన నవంబరులో మీవారే గదా ఆ ర్యాన్ డేను తొలగింపుడని కేకలు వేసినది?” యని యడిగితిమి.

“పెద్దమ్మా, మిషిగను చేతిలో వరుసగా నాలుగవసారి ఓడినందుకు అట్లనిరి. ఏబదియొక్క దినములకే అతడు దేశవిజేతయయ్యెను. పిమ్మట నోరెత్తినవాడు లేడు” అని మావాడు నవ్వెను.

ఏబదియొక్క దినములలో ఆ మనుష్యుని విద్య మారినదా? లేదు. మారినది చూచువారి చూపు మాత్రమే.

తరువాతి కథ వినుడు. ఆగష్టులో పత్రికలవారి అంచనా పట్టికయందు పెన్‌ స్టేటు రెండవది, ఒహాయో స్టేటు మూడవది. అక్టోబరు పదునొకటవ తేదీనాటికి పెన్‌ స్టేటు వరుసగా మూడాటలు ఓడెను. ఆలరు గాయపడి ఆ వత్సరమునకు ఆటకే దూరమయ్యెను. మరునాడే శిక్షకుడు జేమ్సు ఫ్రాంక్లిను తొలగింపబడెను. అతడు 2014 నుండి నూరింటికి పైగా ఆటలు గెలిపించినవాడు. ఆ జనవరిలోనే జట్టును దేశపు పోటీల ఉపాంత్యము వరకు చేర్చినవాడు. ఒప్పందము ననుసరించి దాదాపు అయిదుకోట్ల డాలర్లు చెల్లింపవలసి యుండియు అధికారులు వెనుదీయలేదు. పాట్రీషియా దళమో దేశమున మేటిదళములలో నొకటిగా నిలిచెను. తుదకు కిరీటము ఇండియానా విశ్వవిద్యాలయమునకు దక్కెను. మా వసారాలో ఆ పేరెత్తినవారే లేరు!

కొత్త గురువు రాకచే మేలు కలుగదని మేమనము. ఇండియానా 2023 లో పండ్రెండాటలలో మూడే గెలిచెను. కర్ట్ సిగ్నెట్టి వచ్చిన మరుసటి యేడే పదునొకండు గెలిచెను. కాని అలబామాలో ఆరు కిరీటములు గెలిచిన నిక్ సేబను, 2007 లో తన మొదటి యేట ఆరాటలు ఓడినవాడే. ఆనాడే అతనిని సాగనంపియున్నచో ఆ యారును లేవు. ఒక్క యేటి ఫలము గురువు కొలత గాదనుటకు ఈ రెండు కథలును చాలును.

ఈ వాదములు వినుచుండ మాకు భారతయుద్ధమున కౌరవశిబిరము స్ఫురించినది. భీష్ముడు పది దినములు, ద్రోణుడైదు, కర్ణుడు రెండు, శల్యుడు సగము దినము సేనాపతులైరి. ప్రతి రాత్రియు రేపటి గెలుపును గూర్చిన తలపోతలే! సేనాపతి మారినకొలది సుయోధనుని యాశ చిగురించెనే గాని, లోపము సేనాపతియందు గలదా, తనయందు గలదా యని యతడు తరచి చూచుకొనలేదు.

ప్రధానశిక్షకుడు పోయినచో అతని క్రింది ఉపశిక్షకులలో పెక్కురు కొలువు కోల్పోవుదురు. వారి యిల్లాండ్రు సామానులు సర్దుకొని, పిల్లల బడులు మార్చి, కొత్తయూరిలో పొయ్యి వెలిగింపవలెను. అభిమానుల వాదములలో ఈ మాట వినరాదు.

ఇది పరదేశపు ముచ్చటయే యని తలపకుడు. మేమెరిగిన యొక పాఠశాలలో గణితము చెప్పు ఉపాధ్యాయిని యొకతె యుండెను. ఒక యేడు పదవతరగతి ఫలితములు తగ్గినవి. కూడికలు సైతము తడబడుచు వచ్చిన బిడ్డలను ఆమె సాయంకాలములు కూర్చుండబెట్టి నేర్పిన సంగతి ఎవరును తలపలేదు. పిల్లల తల్లిదండ్రులే, తల్లులు మరింత బిగ్గరగా, ఆమెను మార్పుడని పట్టుబట్టిరి. వేసవిలో ఆమె ఒక మాసపు జీతముతో వెడలిపోయెను. ఆమెకు అయిదుకోట్లు లేవు. ఇరువురు బిడ్డలును, అద్దెయిల్లును మాత్రముండెను. మరుసటి యేడు ఫలితములు పెరిగినవి. ఎనిమిదవ తరగతినుండి ఆమె దిద్దిన బిడ్డలే వారు. సన్మానపు శాలువ మాత్రము కొత్తవానికి దక్కెను. ఆనాడు మావారు అన్నము ముందు కూర్చుండియు చాలసేపు మాటలాడలేదు.

సోదరీమణులారా! బడిలో గురువును గూర్చి యడుగు హక్కు మనకు గలదు, అడుగవలెను గూడ. అయితే ‘ఎందరు గెలిచిరి?’ అనుటకు ముందు, ‘ఎట్టివారిని చేతికిచ్చితిమి? వారినెంత దూరము నడిపించెను?’ అని యడుగుదము. బిడ్డ యింటికి రాగానే మార్కులడుగుటకు ముందు, నేడేమి నేర్చితివని యడుగుదము. ఆ జవాబు వినినచో గురువు సంగతి మనకే తెలియును. ఇది మన చేతిలోని పనియే గాన, ఈ యేడే మొదలిడుదము.