ఖాళీ ట్యాంకుతోనే ఎక్కువ ప్రమాదం



పోయిన ఖరీఫ్‌లో నేను చేయబోయిన ఒక తెలివితక్కువ పని గురించి చెప్తా. ఇంట్లో వాళ్ళకి కూడా ఇది పూర్తిగా చెప్పలేదు. మళ్ళీ దమ్ముల రోజులు వస్తున్నాయి, అందరూ బండ్లు బయటికి తీస్తున్నారు, అందుకని రాస్తున్నా. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

కాలవకి నీళ్ళు వదిలిన వారం అది. నారు ముదిరిపోతోంది, కూలీలని ఎల్లుండికి మాట్లాడేశా. ఎకరంన్నర దమ్ము అయ్యాక దిగి చూస్తే మడిలో నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. ట్యాంకు కింద చెయ్యి పెడితే డీజిల్. చుక్క చుక్కగా కారుతోంది. మాది పాత ట్రాక్టరు, రేకు ట్యాంకు. ట్యాంకుని పట్టి ఉంచే పట్టీ కింద రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది. ఇనుము ఇనుము రాసుకుని పైనుంచి పల్చబడింది, లోపల అడుగున చేరిన నీళ్ళకి తుప్పు పట్టి కింద నుంచి పల్చబడింది. చివరికి గుండుసూదంత బెజ్జం పడింది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే రేపు సాయంత్రం అన్నాడు. నాకు ఆగే ఓపిక లేదు. మా తమ్ముడి కొడుకు, నేను కలిసి డీజిల్ అంతా క్యాన్లోకి దింపి, ట్యాంకు ఊడదీసి, ఎండలో బోర్లించాం. రెండు గంటలు ఆరింది. చుక్క లేదు. ఊళ్ళో గేట్లకి, గ్రిల్స్‌కి వెల్డింగ్ చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాం. "ఒక్క టాకా వేస్తే అయిపోద్ది బాబాయ్" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. పెట్రోలైతే భయపడాలి గానీ డీజిల్‌కి ఏముందిలే, అగ్గిపుల్ల వేసినా ఆరిపోద్ది కదా అని నా ధైర్యం.

ఎర్త్ క్లిప్ తగిలించాడు. మావాడు ట్యాంకుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే అటుగా పోతున్న మావయ్య ఒకాయన, ఇరవై ఏళ్ళు లారీ తోలిన మనిషి, సైకిలు అక్కడే పడేసి "ఒరేయ్ ఆపరా!" అని అరిచాడు.

"ఖాళీదే మావయ్యా, చుక్క లేదు" అన్నా.

"చుక్క లేదు కాబట్టే ఆపమంటున్నా. మూత తీసి వాసన చూడు."

చూశా. గుప్పుమని కొట్టింది.

ఆయన లారీల రోజుల్లో షెడ్డులో ఇలాగే ఖాళీ ట్యాంకుకి వెల్డింగ్ పెడితే ఏమైందో చెప్పాడు. పట్టుకున్న కుర్రాడు బతకలేదట. నేను మావాడి చేతుల వంక చూశా. ఇంకో నిమిషం ఆలస్యమైతే మా తమ్ముడికి ఏం మొహం చూపించేవాణ్ణి?

విషయం ఏంటంటే, మంట అంటుకునేది డీజిల్ ద్రవానికి కాదు, దాని ఆవిరికి. నిండా ఉన్న ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో మూలల్లో, అతుకుల్లో అంటుకున్న జిడ్డు వేడికి ఆవిరై గాలితో కలుస్తుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మూసి ఉన్న డబ్బా కాబట్టి మంట బయటికి పోయే దారిలేక రేకే పేలిపోతుంది. డీజిల్ ఆవిరి అంటుకునే వేడి కనీసం 35 డిగ్రీలు ఉండాలని మన దేశపు ప్రమాణం. అంటే 35 దాటితే అంటుకునే స్థితికి రావచ్చు. ఎండలో పెట్టిన రేకు అంతకంటే ఎక్కువే కాలుతుంది, ఇక వెల్డింగ్ వేడి సంగతి చెప్పేదేముంది? ఎండబెట్టి మేలు చేశా అనుకున్నా గానీ ఆవిరి తయారుచేసి పెట్టా.

మరి ఆ పూట ఎలా గట్టెక్కామంటే, మావయ్యే చెప్పాడు. ముందు స్క్రూడ్రైవర్‌తో బెజ్జం చుట్టూ నొక్కి చూశాం. రేకు లోపలికి పోతే ఇక అతుకులు పనికిరావు, ట్యాంకు మార్చాల్సిందే. మాది గట్టిగానే ఉంది. గరుకు కాగితంతో చేత్తోనే తుప్పు, రంగు పోయేదాకా రుద్దాం. గ్రైండర్ పెట్టొద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. సర్ఫు నీళ్ళతో కడిగి బాగా ఆరనిచ్చి, బట్టల సబ్బు బెజ్జంలోకి అదిమాం. సబ్బు డీజిల్‌లో కరగదు, దారిలో లారీ వాళ్ళు చేసే పని ఇదే. దాని మీద ఎం-సీల్ రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, ఒకటే రంగు వచ్చేదాకా పిసికి, బెజ్జం చుట్టూ రూపాయి బిళ్ళ కంటే వెడల్పుగా అదిమి, రాత్రంతా వదిలేశాం. జిడ్డుంటే అది పట్టదు, తొందర పడొద్దు. పట్టీ కింద పాత ట్యూబు ముక్క పెట్టి బిగించాం. ట్యాంకు ఊడదీశాం కాబట్టి లైన్లో గాలి చేరుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి మంచి డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టి బిగిస్తే బండి స్టార్ట్ అయింది.

నాట్లు ఒక్కరోజు ఆలస్యమయ్యాయి, అంతే.

ఎం-సీల్ తాత్కాలికమే. నాట్లయ్యాక టౌన్లో రేడియేటర్లు, ట్యాంకుల పని చేసే షాపుకి తీసుకెళ్ళా. ఆయన వేడినీళ్ళు, సోడాతో మూడుసార్లు కడిగి, బెజ్జం పైకి వచ్చేలా తిప్పి, మూత తీసి ఉంచి, బెజ్జం కిందిదాకా నీళ్ళు నింపాకే నిప్పు దగ్గరికి తెచ్చాడు. ఇది చదివి ఇంట్లో చేయొద్దు. అలవాటున్న వాళ్ళ పని అది.

ఇప్పుడు నేను సాయంత్రం బండి పెట్టేటప్పుడు ట్యాంకు నింపి పెడుతున్నా. ఖాళీ ఎక్కువుంటే రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ చేరి అడుగున నీళ్ళవుతుంది, తుప్పుకి మొదలు అదే. పట్టీ రబ్బరు ఏడాదికోసారి చూసుకుంటున్నా.

మీ ఊళ్ళో వెల్డింగ్ చేసే కుర్రాళ్ళకి ఈ మాట చెప్పండి. పాపం, వాళ్ళకీ ఎవరూ చెప్పి ఉండరు. దమ్ము రేపైనా అవుద్ది.