శిఖం మట్టినీ లెక్కపెట్టండి

స్కాట్లాండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీ పీట్ నేలలు చూసి వస్తుంటే, మనవాళ్లలో ఒకాయన "మన దగ్గర ఇసొంటియి యాడుంటయే?" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

ఫ్లో కంట్రీ గొప్పదే. వేల ఏళ్లుగా నీళ్లలో నానుతూ, గాలి అందక కుళ్లని నాచు ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పీట్‌గా పేరుకుంది. అందులో దాదాపు 40 కోట్ల టన్నుల కార్బన్ ఉంది. 1980ల్లో పన్ను రాయితీల కోసం అక్కడ కాలువలు తవ్వి, నీళ్లు తీసేసి, కలప చెట్లు నాటారు. ఎండి గాలి సోకిన పీట్ కార్బన్ డయాక్సైడై పోసాగింది. 1988లో రాయితీ రద్దయింది. ఇప్పుడు ఆ చెట్లనే నరికి, కాలువలు పూడుస్తున్నారు. నేల తడిస్తే మొదట్లో మీథేన్ పెరుగుతుందని తెలిసే చేస్తున్నారు. ఎండిన పీట్ చేసే చేటు అంతకన్నా ఎక్కువ కాలం సాగుతుంది మరి. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కుతాను.

2024 జులైలో ఫ్లో కంట్రీకి యునెస్కో గుర్తింపు ప్రకటించింది ఢిల్లీలోనే. మన రామప్ప గుడికి 2021లోనే ఆ గౌరవం దక్కింది. గుడి దాకా వచ్చిన చూపు పక్కనున్న చెరువు మీద ఎందుకు నిలవదు? మన దగ్గర యాడుంటయి అనేవాళ్లకు పాఖాల చెరువు కనబడదా? లక్నవరం కనబడదా? కట్ట, తూము, మత్తడి కట్టి, నీళ్లు ఎంత ఎత్తున ఆగాలో కాకతీయుల నాడే తేల్చిన నేల మాది. పీట్‌ను కాపాడేదీ ఆ నీటిమట్టమే కదా!

నిజమే, చెరువు మట్టి పీట్ కాదు. అది వానకు కొట్టుకొచ్చిన ఒండ్రు. మన ఎండలకు నాచు అట్లా పేరుకోదు. కానీ ఎండాకాలం చెరువు అడుగంటితే మా నాయన బండి కట్టి ఆ నల్లమట్టిని ఎర్రచెలకకు తోలేవాడు. ఆ ఏడు వాన మొహం చాటేసినా చెలకలో పదును ఆరేది కాదు. నీళ్లు పంచే నీరటి చెప్పందే తూము లేచేది కాదు, చెరువు నీరు నిలిచే శిఖంలో ఎవరూ గోడ లేపేవారు కాదు.

2015లో మిషన్ కాకతీయతో ఊరూరా పూడిక తీశారు. 2024 చివర్లో వరంగల్ భద్రకాళి చెరువును పూడికతీతకే ఖాళీ చేశారు. పూడిక తియ్యాల్సిందే. కానీ ఆ మట్టిలో ఎంత కార్బన్ ఉంది? ఎండితే ఎంత పోతుంది? చెలకలో పోస్తే ఎంత నిలుస్తుంది? వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. జేసీబీ దిగకముందే ప్రతి చెరువు మట్టినీ పరీక్షకు పంపండి. వచ్చిన లెక్క ఊరి పంచాయతీ గోడ మీద రాయండి. శిఖం హద్దురాళ్లు పాతండి.