తలుపు అవతలి మెహమాన్

కనుమ నాడు నాకు దిగువ అహోబిలంలో డ్యూటీ. పారువేట మొదలయ్యే రోజది. నరసింహసామి పల్లకీ గుడి దాటి బయటికొచ్చి దాదాపు నలభై రోజులు చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది. తన పెళ్ళికి రమ్మని సామే ఊరూరా తిరిగి దావత్ ఇస్తాడని ఇక్కడివాళ్ళ నమ్మకం. ప్రతి ఏడూ అదే వార్త, ప్రతి ఏడూ కొత్తగా రాయాలని నా తంటా. ఈసారి ఆ వార్త పంపేసి, టెంకాయల అంగడి దగ్గర టీ తాగుతుంటే బల్ల కింద సన్నటి అరుపు వినపడింది. వంగి చూస్తే పిల్లికూన. రెండు నెలలుంటాయేమో. ఇసుకరంగు ఒళ్ళు, పుసులు కట్టి మూసుకుపోయిన ఒక కన్ను.

“తల్లి కనపడక మూడు దినాలాయ. చిరుత ఎత్తకపోయిందో ఏమో. ఈ కోతులు దీన్ని బతకనీవు. ఎత్తుకోని పో సాయిబన్నా” అంది అంగడి అవ్వ.

“మా ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయవ్వా.”

“నాలుగున్న ఇంటికి అయిదోది బరువా? మా సామీ సగం ఆ జాతే గదప్పా!”

బరువే. ఎందుకో అవ్వకు చెప్పలేదు. మీకు చెబుతా.

మూడేళ్ళ కింద ఇట్లాగే ఒక కూనను తెచ్చా. వానలో తడుస్తుంటే రహమ్ అనిపించింది. బండి దిగి నేరుగా తీసుకుపోయి హాల్లో వదిలేశా, “లో, నయా మెహమాన్” అంటూ. ఉన్నవి బుసకొట్టాయి. నాలుగు రోజులు కొట్టుకుని అవే కలిసిపోతాయిలే అనుకున్నా. నాలుగో రోజు ఆ కూన తిండి మానేసింది. వాంతులు, నీళ్ళ విరేచనాలు. రెండు రోజుల్లో పోయింది. ఆ తర్వాత పదిరోజుల్లోపే మా పాప ప్రాణంగా పెంచుకున్న చాందినీ కూడా అట్లనే పోయింది.

డాక్టరు చెప్పాకే ఆ రోగం పేరు విన్నా. పాన్‌ల్యూకోపీనియా. కుక్కలకొచ్చే పార్వోకు దగ్గరి చుట్టం. మనుషులకు అంటదు గానీ టీకా పడని పిల్లిపిల్లల్ని చాలావరకు మిగల్చదు. ఆ వైరస్ నేల మీద, గిన్నెల మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు సబ్బునీళ్ళకు చావదు. బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడగాలి. నేనేమో ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగా. ఫినాయిల్ పిల్లులకు విషమని ఆ తర్వాత తెలిసింది.

పాపకప్పుడు ఏడేళ్ళు. పెరట్లో దానిమ్మ చెట్టు కింద చాందినీని పాతిపెడుతుంటే ఏడవలేదు. “అబ్బా, నువ్వు అడక్కుండా తెచ్చావ్” అంది. ఆ ఒక్క మాటను మూడేళ్ళుగా మోస్తున్నా.

అందుకే ఈసారి టీ గ్లాసు పక్కన పెట్టి ముందు ఇంటికి ఫోన్ చేశా. “బేటీ, ఇక్కడొక కూన ఉంది. తేవాలా వద్దా, నువ్వు చెప్పు.”

చాలాసేపు మాట లేదు. తర్వాత అడిగింది: “మనవాటికి టీకాలు అన్నీ పడ్డాయా?”

“పడ్డాయి. కార్డు నీ దగ్గరే కదా ఉంది.”

“అయితే తే. హాల్లోకి మాత్రం వద్దు.”

అవ్వ ఇచ్చిన అట్టపెట్టెకు బొక్కలు పొడిచి, బండి ముందు పెట్టుకుని ఆళ్ళగడ్డ దారి పట్టా. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ణి నేను. బడిలో మా ఉస్తాద్ ‘బే’ అక్షరం పక్కన బిల్లీ బొమ్మ గీసేవారు. డిగ్రీలో తెలుగు సార్ అదే బిల్లీని వేదాంతంలోకి తెచ్చారు. శ్రీవైష్ణవుల్లో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు మాటలున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే మెడ కరుచుకుని తీసుకుపోతుంది. మనిషి తన వంతు తాను చెయ్యాలన్న వడగలై వాళ్ళది కోతి దారి. అంతా ఆయనే చూసుకుంటాడన్న తెంగలై వాళ్ళది పిల్లి దారి. అహోబిల మఠం వడగలై సంప్రదాయానిది. అంటే ఓబులం కోతుల పక్షమన్న మాట. ఆ కొండ మీద కోతుల్ని చూసినవాళ్ళెవరూ కాదనరు.

మన దగ్గరా ఇట్లాంటి మాటే ఉంది. ముందు ఒంటెను కట్టెయ్యి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యి అన్నారు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం. మూడేళ్ళ కింద నేను ఒంటెను కట్టకుండానే తవక్కుల్ చేశా.

ఈసారి కట్టా. నా కితాబుల గది ఖాళీ చేసి కూనను అందులో పెట్టా. దానికి వేరే గిన్నె, వేరే ఇసుక తట్ట, దాక్కోవడానికి అదే అట్టపెట్టె. తలుపు మూత. లోపలికి పోయేటప్పుడు పాత చొక్కా, బయటికొచ్చాక చేతులు కడుక్కుని వేరే చొక్కా. రోగమేదైనా లోపల దాగి ఉంటే రెండు వారాల్లో బయటపడుతుందని డాక్టరు చెప్పారు. కంటికి చుక్కల మందు రాసిచ్చారు. మా ఆవిడ గడపకు ఈవల నిలబడి, “సునో జీ, ఆప్ భీ పందరా దిన్ అందరీచ్ రహో” అని నవ్వింది.

ఇక మా పాతకాపుల సంగతి. బీబీకి పదకొండేళ్ళు. అమ్మీ పిల్లి, అమ్మీ మంచమే దాని సల్తనత్. బాద్‌షా పేరుకే బాద్‌షా, కుక్కర్ విజిలేస్తే అల్మారా ఎక్కుతాడు. మిర్చీ పేరుకు తగ్గది. లడ్డూకు తిండి తప్ప దునియాతో పని లేదు. మొదటి రోజే బీబీ తలుపు సందులో ముక్కు పెట్టి ఒక బుస కొట్టి పోయింది. మిర్చీ తలుపు కింద నుంచి చెయ్యి పోనిచ్చి వెతికింది. బాద్‌షా రెండు రోజులు అల్మారా దిగలేదు.

మూడో రోజు పాప ఒక మస్లా తెచ్చింది. “దాదీ, పిల్లిని బంధించిన ఆడమనిషి జహన్నుమ్‌కు పోయిందని మదరసాలో చెప్పారు. అబ్బా కూడా బంధించాడు కదా?”

అమ్మీ తస్బీ ఆపి చెప్పింది. “ఆమె తిండి పెట్టలేదు, బయట తిననూ ఇవ్వలేదు. గునా మూసిన తలుపుది కాదమ్మా, మాడ్చిన కడుపుది. మీ అబ్బా రోజుకు నాలుగుసార్లు కోడి కార్జం ఉడకబెట్టి మోస్తున్నాడు కదా.” తర్వాత ఇంకో హదీసు చెప్పింది. హజ్రత్ అబూ ఖతాదా ఇంటికి వచ్చినప్పుడు కోడలు కబ్షా వజూకు నీళ్ళు పెట్టింది. ఒక పిల్లి వచ్చి ఆ నీళ్ళ మీద మూతి పెట్టింది. ఆయన దాన్ని తరమలేదు, తాగడానికి వీలుగా గిన్నె వంచారు. కోడలు వింతగా చూస్తుంటే చెప్పారట, పిల్లులు నాపాక్ కావనీ, అవి మన మధ్య తిరుగాడేవనీ రసూలుల్లాహ్ అన్నారని. తవ్వాఫీన్ అన్న మాట వాడారక్కడ. కాబా చుట్టూ చేసే తవాఫ్‌లో ఉన్నదీ ఆ మాటే.

కథ అయిపోయిందనుకున్నా. అమ్మీ తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత దక్నీలో, ఎవరినీ ఉద్దేశించకుండా అంది: “మేరేకు కౌన్ దియే పందరా దిన్?”

నాకెవరిచ్చారు పదిహేను రోజులు?

పదిహేడేళ్ళకు ఈ ఇంటికొచ్చిందట అమ్మీ. రుక్సతీ అయిన మర్నాడు ఫజర్‌కే లేపి పదకొండు మందికి రొట్టెలు కాల్చమన్నారట. ఏ గిన్నె ఎక్కడుందో తెలీదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు. ఉప్పు డబ్బా అనుకుని సోడా పిండి కలిపితే మా దాదీ, ఫుప్పులు ఆ మాట పదేళ్ళు చెప్పుకుని నవ్వారట. “ఇల్లంతా ఎవరిదో వాసన. నా పెట్టె మూత తీస్తే మాత్రం మా అమ్మ వాసన. రాత్రి అందరూ పడుకున్నాక ఆ పెట్టెలో తల పెట్టి కూర్చునేదాన్ని.”

బావర్చీఖానాలో మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఆమె వచ్చి పద్నాలుగేళ్ళు. వచ్చిన మర్నాడు పొద్దున ఎంతమందికి చాయ్ పెట్టిందో నాకు గుర్తు లేదు. నేను హాల్లో దోస్తులతో నవ్వుతూ కూర్చున్నా, ఆ చాయ్ తాగినవాళ్ళలో నేనూ ఉన్నా, అంతవరకే గుర్తుంది. ఊరంతా తిరిగి వార్తలు పట్టుకొచ్చేవాణ్ణి, ఇంట్లో ఈ ఖబర్ నాకు పద్నాలుగేళ్ళు ఆలస్యంగా అందింది.

పదిహేనో రోజుకు కూన కన్ను తెరిచింది. గిన్నె నాకేస్తోంది, పుస్తకాల అట్టలు పీకేస్తోంది. డాక్టరు చూసి రోగమేమీ లేదని మొదటి టీకా వేశారు. పాన్‌ల్యూకోపీనియాతో పాటు రెండు జలుబు వైరస్‌లకూ కలిపి ఒకే సూది. మళ్ళీ మూడు నాలుగు వారాలకు ఇంకోటి, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. అప్పటిదాకా పాప దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే మొహబ్బత్ పుడుతుందని భయమేమో. ఆ సాయంత్రం కార్డు మీద తనే రాసింది: షేరూ. సింగం సామి ఊరి నుంచి వచ్చాడు కదా.

ఇక ఎదురుపడటానికి ముందు వాసనల రాయబారం. పిల్లికి ఇల్లంటే గోడలు కావు, వాసనలు. తలుపు దర్వాజాకు, మంచం కోడుకు, మన కాళ్ళకు చెంప రుద్దుతుందే, అది ముద్దు ఒక్కటే కాదు, ‘ఇది నాది’ అని మొహర్ వెయ్యడం. ఆ మొహర్ లేకుండా వచ్చినవాడు దానికి దొంగ. అందుకని షేరూ చెంపలకు ఒక గుడ్డ రుద్ది బీబీ గిన్నె దగ్గర పెట్టాం, బీబీకి రుద్దింది షేరూ దగ్గర. మొదటిరోజు బీబీ గుడ్డ మీద గుస్సా చేసి అన్నం వదిలేసి పోయింది. గుడ్డను కొంచెం దూరం జరిపాం. మూడో రోజు దాని పక్కనే తినింది.

తర్వాత తలుపుకు ఈవల నాలుగు గిన్నెలు, ఆవల ఒకటి. రోజుకు కొంచెం దగ్గరికి. కొత్త వాసన వచ్చినప్పుడే కార్జం కూడా వస్తుందని వాటికి తెలియాలి. ఆ తర్వాత దోమల జాలీ తలుపులో నుంచి చూపులు. చివరికి అయిదు నిమిషాలు, పది నిమిషాలు, మేం పక్కనుండగా మూలాఖత్. బుసకొడితే తిట్టకూడదు. బుస అంటే కొట్లాట కాదు, ‘దగ్గరికి రావద్దు’ అని మర్యాదగా చెప్పడం. చెవులు వెనక్కి వాల్చి, రెప్ప వెయ్యకుండా చూస్తే మాత్రం మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి విడదీయాలి. చేతులు పెడితే మన చేతులే పోతాయి. ఇసుక తట్టలు పిల్లులెన్నో అన్ని, పైన ఒకటి. కొత్తవాడు వచ్చాడని పాతవాళ్ళ తట్టలో, గిన్నెలో, మంచంలో వాటా అడగకూడదు. బీబీకి అమ్మీ మంచం మీద హక్ పదకొండేళ్ళది. దాన్ని షేరూ కోసం ఒక్కరోజు కూడా దించలేదు.

ఈ ఏడు సంక్రాంతి పోయిన నెలకే రంజాన్ వచ్చింది. మొదటి సెహ్రీకి లేచేసరికి దస్తర్‌ఖాన్‌కు కొంచెం దూరంలో అయిదు గిన్నెలూ ఒకే వరసలో ఉన్నాయి. పాప పెట్టింది. షేరూ తన గిన్నె వదిలి బీబీ గిన్నెలోకి తొంగిచూశాడు. గోళ్ళు తియ్యకుండా బీబీ ఒకటి తగిలించింది. వాడు వెనక్కొచ్చి తన గిన్నె దగ్గర కూర్చున్నాడు. బీబీ మళ్ళీ తినసాగింది. దోస్తీ కుదరలేదు. కుదరకపోయినా పర్లేదు, ఒకరి పక్కన ఒకరు కడుపునిండా తింటున్నారు. పాప నా చెవిలో అంది: “అబ్బా, ఈసారి నువ్వు అడిగి తెచ్చావ్.”

ఓబులం పల్లకీ ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉంది. మా ఇంట్లోనూ ఒక దావత్ ఉంది. రంజాన్ తర్వాత, షవ్వాల్‌లో మా తమ్ముడి నిఖా. ఆ సెహ్రీలోనే అమ్మీ నీళ్ళ గ్లాసు కింద పెట్టి వాడితో అంది: “నీ దుల్హన్ వచ్చాక పదిహేను రోజులు బావర్చీఖానాలో కాలు పెట్టకూడదు. గదిలో ఆమె పెట్టె ఎక్కడ పెట్టుకుంటే అక్కడే ఉంటుంది. ఎవరూ జరపొద్దు.”

తమ్ముడు తల దించుకుని తింటున్నాడు. నేను మా ఆవిడ వైపు చూశా. ఆమె రొట్టె తిరగేస్తూ, తల ఎత్తకుండానే అంది:

“పదిహేను చాలవు అమ్మీ. నెల ఇద్దాం.”